బీట పడింది పార్సన్స్‌తో కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో కంట్రీ రాక్ (అమెరికా పల్లెపాటల కంట్రీ సంగీతాన్నీ రాక్‌నూ కలిపే ధోరణి) బృందాల మీద వచ్చిన వ్యాసం చదివాం. వాటిలో ఒకటైన అమెరికన్ బృందం ఫ్లైయింగ్ బురిటో బ్రదర్స్ గురించి ఒక తెలుగు పత్రిక అర పేజీ కేటాయించడం మా బోటి శ్రోతలకు పండగే. అయితే అందులో ఒక మాట సరిదిద్దక తప్పదు. 1970లో గాయకుడు గ్రామ్ పార్సన్స్ బయటికి పోవడంతో బృందం కుప్పకూలిందని రాశారు. ఇంగ్లిషులో వచ్చే రాతలు కూడా చాలావరకు ఇదే పాట పాడతాయి. పార్సన్స్ 26 ఏళ్లకే పోయాడు, అందగాడు, చుట్టూ బోలెడు కథలున్నాయి. దాంతో బృందం కథంతా అతని కథే అయిపోయింది. ఆల్బమ్ అట్టలు వెనక్కి తిప్పి, ఎవరు ఏం వాయించారో, ఏ పాట ఎవరు రాశారో వరసగా చూసుకుంటూ వస్తే వేరే సంగతి కనబడుతుంది. బీట పడింది 1969 రెండో సగంలో, బాస్ గిటార్ వాయించే క్రిస్ ఎథ్రిడ్జ్ వెళ్లిపోయినప్పుడు. తర్వాత జరిగినవన్నీ ఆ బీట వెంబడే జరిగాయి.

పాఠకుల కోసం వెనకటి కథ కొంచెం చెప్పాలి. 1967 అక్టోబరులో ద బర్డ్స్ అనే రాక్ బృందం డేవిడ్ క్రాస్బీని పంపేసింది. ఆ ఏడాది చివరికి డ్రమ్మర్ మైకేల్ క్లార్క్ కూడా మానేశాడు. మిగిలిన రోజర్ మెక్‌గ్విన్, క్రిస్ హిల్‌మన్‌లు 1968 ఫిబ్రవరిలో పార్సన్స్‌ను తీసుకున్నారు. మార్చిలో నాష్‌విల్ వెళ్లి రికార్డింగ్ చేశారు. కంట్రీ సంగీతానికి పేరుమోసిన అక్కడి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడితే, పొడుగు జుట్టు కుర్రాళ్లను చూసి సభ మొహం చిట్లించింది. ఆగస్టులో 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' ఆల్బమ్ బజారులోకి వచ్చేసరికి పార్సన్స్ ఆ బృందంలోనే లేడు. దక్షిణాఫ్రికా యాత్రకు రానని జూలైలో లండన్‌లో ఆగిపోయాడు. పైగా అంతకు ముందు ఇంటర్నేషనల్ సబ్‌మెరీన్ బ్యాండ్ తరఫున వేరే కంపెనీతో చేసుకున్న ఒప్పందం అడ్డం వచ్చి, అతను పాడిన కొన్ని పాటల మీద మెక్‌గ్విన్ గొంతు ఎక్కించారు. ఇంకొన్నాళ్లకు హిల్‌మన్ కూడా బర్డ్స్ వదిలేసి పార్సన్స్‌తో చేతులు కలిపాడు. పెట్టుకున్న పేరు సైతం కొత్తది కాదు. సబ్‌మెరీన్ బ్యాండ్‌లో పార్సన్స్ సహచరుడు ఇయన్ డన్‌లప్, అతనితో కలిసి వాయించే బ్యారీ టాషియన్ అప్పటికే వాడుతున్న పేరది. పేరు మనుషుల్ని దాటి తిరగడం ఈ బృందంలో మొదటి రోజునే మొదలైంది. ఈ విషయం దగ్గరికి మళ్లీ వస్తాం.

మొదటి జట్టులో నలుగురే. పార్సన్స్, హిల్‌మన్ పాడుతూ గిటార్లు వాయించేవాళ్లు. పార్సన్స్ పియానో, ఆర్గన్ కూడా పట్టేవాడు; హిల్‌మన్ చేతిలో మాండలిన్ ఉండేది. బాస్ ఎథ్రిడ్జ్. పెడల్ స్టీల్ గిటార్ స్నీకీ పీట్ క్లైనో. స్థిరమైన డ్రమ్మర్ లేడు. లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 'ద గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్' 1969 ఫిబ్రవరిలో ఎ అండ్ ఎం కంపెనీ తెచ్చింది. నూడీ కోన్ దుకాణంలో కుట్టించిన కుట్టుపని సూట్లు వేసుకుని నలుగురూ అట్ట మీద నిలబడి ఉంటారు. పార్సన్స్ సూటు మీద గంజాయి ఆకులు, మాత్రలు, నల్లమందు పూలు. ఎథ్రిడ్జ్ తెల్ల సూటు మీద ఎర్ర గులాబీలు. రాసేవాళ్లందరూ ఈ సూట్ల దగ్గరే ఆగిపోతారు. అట్ట వెనక్కి తిప్పితే అసలు లెక్క ఉంది. మొత్తం 11 పాటలు. 6 హిల్‌మన్, పార్సన్స్ కలిసి రాసినవి. 2 ఎథ్రిడ్జ్, పార్సన్స్ కలిసి రాసినవి. 2 నల్లవాళ్ల సోల్ సంగీతం నుంచి తెచ్చుకున్నవి. ఒకటి పార్సన్స్ బ్యారీ గోల్డ్‌బర్గ్‌తో రాసిన పాత పాట. పార్సన్స్ ఒక్కడే రాసిన పాట ఈ ఆల్బమ్‌లో ఒక్కటి కూడా లేదు. అతన్ని ఒంటరి మేధావిగా నిలబెట్టేవాళ్లు ముందు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

ఇక గొంతుల సంగతి. పార్సన్స్ గొంతు పలచన, ఒక్కోసారి శ్రుతి అంచున వణుకుతుంది. హిల్‌మన్ గొంతు గట్టిది, నిటారుగా ఉంటుంది, శ్రుతి తప్పదు. ఒకరు మూల వరస పాడుతుంటే రెండో వాళ్లు మూడు స్వరాల ఎడంతో పైనో కింద నుంచో అంటిపెట్టుకుని వస్తారు. ఎవరిది ప్రధానమో ఎవరిది వంతో చాలా చోట్ల చెప్పలేం. మన బుర్రకథలో వంతల్ని మార్చి చూడండి, కథకుడు అదే మనిషైనా కథ నడక మారిపోతుంది. బురిటోల విషయంలో వంత హిల్‌మన్. పార్సన్స్ వణుకును అందంగా వినిపించేలా చేసింది పక్కనున్న ఆ నిటారు గొంతే. ఇద్దరూ లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ ఫెర్నాండో లోయలో ఒకే ఇంట్లో ఉంటూ కలిసి రాసిన రోజుల ఫలితం అది.

పెడల్ స్టీల్ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. కంట్రీ రాక్ బృందాల మార్పుచేర్పులు అర్థం కావాలంటే ఈ వాద్యం పని తీరు తెలియాలి. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. మన గోటువాద్యంలాగే దీనికీ మెట్ల మీద వేళ్లు నొక్కడం ఉండదు. వాద్యం బల్లలా పడుకుని ఉంటుంది. ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతారు, కుడి చేతి వేళ్లకు గోళ్లు తొడుక్కుని మీటుతారు. అదనంగా కింద పెడల్స్ ఉంటాయి. నాష్‌విల్‌లో వాడుకైన ఇ9 శ్రుతిలో 10 తీగలుంటాయి. మొదటి పెడల్ తొక్కితే 5, 10 తీగలు బి నుంచి సి షార్ప్‌కు పెరుగుతాయి. రెండో పెడల్ తొక్కితే 3, 6 తీగలు జి షార్ప్ నుంచి ఎకు పెరుగుతాయి. ఇ స్వరాన్ని షడ్జమం అనుకుంటే మొదటి పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతం చేస్తుంది, రెండోది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమం చేస్తుంది. రెండూ కలిపి తొక్కితే కడ్డీ కదలకుండానే స-గ-ప కాస్తా స-మ-ద అవుతుంది. షడ్జమం నిలబడే ఉంటుంది, మిగతా రెండూ దాని పక్కనుంచి జారి పైకి పోతాయి. కంట్రీ పాటల్లో వినిపించే ఆ ఏడుపు జారుడు పుట్టేది ఇక్కడే.

క్లైనో వాయించింది ఆ తరహా కాదు. అతనిది 8 తీగల ఫెండర్ 400. శ్రుతి కూడా తను ఎంచుకున్నదే. పెడల్స్‌ను తీగలకు కలిపేది కడ్డీలు కాదు, ఉక్కు కేబుళ్లు. కేబుల్ సాగుతుంది, ఎండకూ వేదిక మీది వేడికీ ఇట్టే మారుతుంది, కాబట్టి మాటిమాటికీ శ్రుతి సరిచూసుకోవాలి. స్టూడియోలో ఆపి సరిచేసుకోవచ్చు, వేదిక మీద రెండు పాటల మధ్య ఆ వ్యవధి దొరకదు. తొలి జట్టులో విడిగా లీడ్ గిటార్ వాయించే మనిషి లేడు కనుక ఆ పని కూడా క్లైనో మీదే పడింది. స్టీల్ ధ్వనిని గరగరలాడించే ఫజ్ పెట్టెలోంచి పంపి, ఎలక్ట్రిక్ గిటార్ అరిచినట్టు అరిపించాడు. తొలి ఆల్బమ్ మొదటి పాటలోనే అది వినబడుతుంది. పాటల మధ్య ఖాళీ అతనికి వదిలేశారు, ఆ ఖాళీలో అతను స్వేచ్ఛగా తిరిగాడు. ఈ ఏర్పాటు నిలవాలంటే కింద బాస్ గట్టిగా ఉండాలి. పైన స్టీల్ ఎటు పోయినా కింద నేల కదలకూడదు.

ఆ నేల ఎథ్రిడ్జ్. మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్ అతని ఊరు. దక్షిణాది సోల్ సంగీతం చేతిలో ఉన్నవాడు. మామూలు కంట్రీ బాస్ పని చాలా సులువు: తాళంలో ఒకటో దెబ్బకు షడ్జమం, మూడో దెబ్బకు పంచమం, అంతే. ఎథ్రిడ్జ్ ఆ రెండింటి మధ్య దారిలో చిన్న చిన్న స్వరాలు వేసి, దెబ్బకు వెంట్రుకవాసి వెనకగా కూర్చుంటాడు. అందువల్లే ఆ రెండు సోల్ పాటలు కంట్రీ వేషంలో కూడా ఎబ్బెట్టుగా లేవు. పార్సన్స్‌తో కలిసి అతను రాసిన 'హాట్ బురిటో' నంబర్ 1, నంబర్ 2 పాటలు వినండి. ఆల్బమ్‌లో పార్సన్స్ గొంతు ఒంటరిగా, వంత ఆసరా లేకుండా నిలబడగలిగింది ప్రధానంగా ఆ రెండింటిలోనే. రెండో దాంట్లో బాస్‌ను మాత్రమే వింటూ పోతే అదే ఒక పాటలా ఉంటుంది. పార్సన్స్ కోరుకున్న కలయిక, అంటే తెల్లవాళ్ల కంట్రీ, నల్లవాళ్ల సోల్ ఒకే పాత్రలో కలవడం, ఈ ఆల్బమ్‌లో నిజంగా కుదిరిందంటే అందులో ఎథ్రిడ్జ్ వాటా చాలా పెద్దది.

డ్రమ్స్ దగ్గర మొదట్నుంచీ తడబాటే. తొలి ఆల్బమ్‌కు నలుగురు డ్రమ్మర్లు పనిచేశారు. తర్వాత బర్డ్స్ పాత మనిషి మైకేల్ క్లార్క్ వచ్చి చేరాడు. అతను మంచి రాక్ డ్రమ్మరే, కాకపోతే నెమ్మది కంట్రీ పాటకు కావలసింది వేరు. బ్రష్‌తో చప్పుడు తగ్గించి, లయ పరుగెత్తకుండా పట్టి ఉంచాలి. దెబ్బ పెద్దదైతే పాడేవాళ్లు గొంతు పెంచుతారు, గొంతు పెరిగితే వంత చెదురుతుంది, స్టీల్ వినబడక దాని శబ్దం పెంచుతారు. వేదిక మీద బురిటోలు గజిబిజిగా ఉన్నారన్న పేరు రావడానికి సగం కారణం ఈ గొలుసే. మిగతా సగం సాధన లేకపోవడం.

సాధన ఎందుకు లేదంటే, 1969లో వాళ్లు చేసిన యాత్ర చూడాలి. పార్సన్స్‌కు విమానమంటే భయం, అందుకని ఊరూరికీ రైల్లో పోయారు. రైల్లో పేకాట, మత్తుమందులు. ఖర్చు కంపెనీది. కచేరీలు అంతంతమాత్రం. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 164వ స్థానం దాటి పైకి పోలేదు. దీనికి బృందాన్ని ఒక్కదాన్నే తప్పు పట్టలేం. కంట్రీ రేడియో స్టేషన్లకు వాళ్ల జుట్టు నచ్చలేదు, రాక్ స్టేషన్లకు స్టీల్ గిటార్ నచ్చలేదు. ఎవరి గంటలోనూ ఆ పాటలకు చోటు లేదు. పార్సన్స్‌కు ఫ్లోరిడాలోని తల్లిగారి నారింజ తోటల కుటుంబం నుంచి ట్రస్టు డబ్బు వచ్చేది, బృందం సంపాదించకపోయినా అతనికి గడిచిపోతుంది. మిగతావాళ్లకు అలా గడవదు. ఒకే బృందంలో ఒకరికి ఇది కాలక్షేపం, మిగిలినవారికి కూడు. ఇలాంటి చోట ముందుగా వెళ్లేది బయట పని దొరికే వాద్యగాడే. ఎథ్రిడ్జ్ వెళ్లాడు. తర్వాతి కాలంలో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ దగ్గర ఏళ్ల తరబడి బాస్ వాయించాడంటే అతని చేతి పనికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది.

అతని స్థానంలో బెర్నీ లెడన్ వచ్చాడని వ్యాసంలో రాశారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. లెడన్ బాస్ వాయించడానికి రాలేదు. అతను గిటార్, బ్యాంజో, డోబ్రో వాయిస్తాడు, చక్కగా వంత పాడతాడు. బాస్ పట్టుకున్నది హిల్‌మన్. బర్డ్స్‌లో మొదట్నుంచీ అతని వాద్యం అదే కనుక ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. కానీ ఒక్క మనిషి వెళ్తే రెండు స్థానాలు మారాయి. హిల్‌మన్ బాస్ మాండలిన్ వాయించే మనిషి బాస్, ముందుకు ఉరుకుతుంది, వెనకగా కూర్చోదు. దాంతో సోల్ నడక మాయమైంది. హిల్‌మన్ రిథమ్ గిటార్ పోయి ఆ చోట లెడన్ లీడ్ గిటార్ వచ్చింది. క్లైనోకు వదిలిన ఖాళీలోకి ఇప్పుడు ఇంకో వాద్యం దూరింది, ఇద్దరూ ఒకే స్థాయిలో ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చారు. లెడన్ చాలా గొప్ప వాద్యగాడు, అందులో మాకు రెండో మాట లేదు. బృందానికి కావలసింది మాత్రం గిటార్ వాద్యగాడు కాదు, బాస్ మనిషి.

ఫలితం 1970లో వచ్చిన 'బురిటో డీలక్స్'లో లెక్కకు దొరుకుతుంది. మళ్లీ 11 పాటలే. హిల్‌మన్, పార్సన్స్ ఇద్దరే కలిసి రాసినవి 6 నుంచి 2కు పడిపోయాయి. లెడన్ పేరు నాలుగింటి మీద ఉంది. పార్సన్స్ ఒక్కడిదిగా ఉన్నది 'లేజీ డేస్', అదీ బర్డ్స్ రోజుల్లోనే చేతిలో ఉన్న పాట. మిగతావి బయటివాళ్ల పాటలు, ఒక పాత భక్తి గీతం. ఆ భాగంలోనే 'వైల్డ్ హార్సెస్' ఉంది. రోలింగ్ స్టోన్స్ 1969 డిసెంబరులో రికార్డు చేసుకున్న పాట, వాళ్లది 1971లో విడుదలయ్యేలోపే బురిటోల ఆల్బమ్‌లో వచ్చేసింది. దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. అప్పటికి పార్సన్స్ ధ్యాసంతా స్టోన్స్ గిటార్ వాద్యగాడు కీత్ రిచర్డ్స్ చుట్టూ తిరుగుతోందనడానికి ఇది రుజువు అంటాం మేము. 1969 డిసెంబరు 6న స్టోన్స్ పెట్టిన ఆల్టమాంట్ కచేరీలో బురిటోలు వాయించడం కూడా ఆ చుట్టరికం వల్లే. ఈ రెండో ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలోకే ఎక్కలేదు. గమనించండి, పార్సన్స్ ఇంకా బృందంలోనే ఉన్నాడు. మీ వ్యాసం చెప్పిన క్రమమే నిజమైతే ఈ ఆల్బమ్ మొదటి దానికి సమానంగా ఉండాలి కదా.

1970 మధ్యలో హిల్‌మన్ అతన్ని తీసేశాడు. కచేరీలకు వేళకు రాకపోవడం, వచ్చినా నిలబడలేని స్థితి. తీసేయడం న్యాయమే. ఆ తర్వాత చేసిన భర్తీలో మాత్రం లోపం ఉంది. వచ్చిన రిక్ రాబర్ట్స్ పాటలు రాయగలవాడు, 1971లో బృందం పేరుతోనే వచ్చిన మూడో ఆల్బమ్‌లో అతని 'కొలరాడో' ఇవాళ్టికీ నిలిచే పాట. ఆ ఆల్బమ్ శుభ్రంగా ఉంటుంది, శ్రుతి తప్పదు, పట్టికలో కూడా చివరి వరసల్లో చోటు సంపాదించింది. లోపమల్లా గొంతుల కూర్పులో ఉంది. రాబర్ట్స్ గొంతు నున్నన, లెడన్ గొంతు నున్నన, హిల్‌మన్ గొంతు నిటారు. మూడూ కలిస్తే తీపి. వణికే గొంతు లేదు కనుక హిల్‌మన్ ఆసరా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. హిల్‌మన్ పాటలు రాసే మనిషిని వెతుక్కున్నాడు, వెతకాల్సింది తన వంతకు జోడీని. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వాషింగ్టన్‌లో పాడుతున్న ఎమ్మీలూ హ్యారిస్‌ను మొదట గుర్తించినవాడు హిల్‌మనే. ఆమె సంగతి పార్సన్స్‌కు చెప్పిందీ అతనే. ఆ జోడీ పార్సన్స్ సొంత ఆల్బమ్‌లకు దక్కింది.

మిగిలింది గబగబా చెప్పేయొచ్చు. క్లైనోకు స్టూడియోల్లో పని దండిగా దొరుకుతోంది. జోనీ మిచెల్ 'బ్లూ' ఆల్బమ్‌లో వినిపించే స్టీల్ అతనిదే. 1971లో వెళ్లిపోయాడు. అల్ పెర్కిన్స్ వచ్చాడు, నాష్‌విల్ పద్ధతిలో చక్కగా వాయించే మనిషి, ఇలాంటి బృందానికి అచ్చంగా సరిపోయేవాడు. కాకపోతే అప్పటికి సరిపోవడానికి అక్కడ బృందమే లేదు. లెడన్ అదే ఏడాది ఈగిల్స్ స్థాపనకు వెళ్లాడు. ఖాళీలు నింపడానికి బైరన్ బెర్లిన్, రోజర్ బుష్, కెన్నీ వెర్ట్జ్ వచ్చారు, ముగ్గురూ బ్లూగ్రాస్ (ఫిడేలు, బ్యాంజోలతో జోరుగా సాగే కంట్రీ శైలి) మనుషులు. 1972లో వచ్చిన కచేరీ ఆల్బమ్ 'లాస్ట్ ఆఫ్ ద రెడ్ హాట్ బురిటోస్'లో ఒక భాగం పూర్తిగా బ్లూగ్రాసే. వేదిక మీద బురిటోలు అంత బిగువుగా వాయించింది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అది బయటికొచ్చేలోపే స్టీఫెన్ స్టిల్స్ పిలుపు మీద హిల్‌మన్, పెర్కిన్స్ ఇద్దరూ అతని కొత్త బృందం మనాసస్‌కు తరలిపోయారు. పేరు మాత్రం రాబర్ట్స్ చేతిలో మిగిలి, ఐరోపాలో కొన్ని కచేరీలు చేసి ఆగింది. అతనూ క్లార్కూ తర్వాత ఫైర్‌ఫాల్ అనే బృందంలో కలిశారు.

మనుషులు మారితే పతనం తప్పదా అని అడగొచ్చు. తప్పనిసరేం కాదు. అదే ఊళ్లో, అదే 1968లో మొదలైన పోకో బృందాన్ని చూడండి. రాండీ మైస్నర్ తొలి ఆల్బమ్ రాకముందే పోయాడు. జిమ్ మెస్సీనా 1970లో, స్థాపకుడు రిచీ ఫ్యూరే 1973లో పోయారు. మైస్నర్ చోటికి వచ్చిన తిమోతీ ష్మిట్ 1977లో ఈగిల్స్‌కు పోయాడు, అక్కడా మైస్నర్ ఖాళీలోకే. బురిటోల కంటే ఘోరమైన జాబితా ఇది. అయినా పోకోకు పెద్ద విజయం దక్కింది ఇవన్నీ జరిగాకే: 1978 చివర్లో వచ్చిన 'లెజెండ్' ఆల్బమ్, 1979లో బిల్‌బోర్డ్ పట్టికలో 17వ స్థానానికి చేరిన 'క్రేజీ లవ్'. ఆ పాట రాసి పాడింది రస్టీ యంగ్. మొదటి రోజు నుంచి బృందంలో ఉన్న పెడల్ స్టీల్ వాద్యగాడు. తొలి సంవత్సరాల్లో అతను పాడేవాడు కాదు, స్టీల్‌ను లెస్లీ స్పీకర్‌లోంచి పంపి ఆర్గన్‌లా మోగించేవాడు. పాడే రాసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్తుంటే ఆ పనులు తను నేర్చుకుని నింపాడు. ఖాళీ అయిన వాద్యం కాకుండా ఖాళీ అయిన పని నిండింది. బురిటోల్లో ఇది ఒక్కసారి కూడా జరగలేదు. ఆ మాటకొస్తే హిల్‌మన్ కూడా 1980ల చివర్లో డెజర్ట్ రోజ్ బ్యాండ్‌తో ఇదే పని సరిగ్గా చేసి చూపాడు. హెర్బ్ పెడర్సన్‌ను వంతకు, 'స్వీట్‌హార్ట్' ఆల్బమ్‌లోనే స్టీల్ వాయించిన జేడీ మానెస్‌ను వాద్యానికి పెట్టుకున్నాడు. 1969లో మొహం చాటేసిన కంట్రీ రేడియోయే ఆ పాటల్ని పట్టిక తలకెక్కించింది.

పార్సన్స్ 1973 సెప్టెంబరు 19న జాషువా ట్రీలో చనిపోయాక ఫ్లైయింగ్ బురిటో బ్రదర్స్ పేరుకు కొత్త గిరాకీ పుట్టింది. క్లైనో, ఎథ్రిడ్జ్ ఆ పేరును మళ్లీ పైకి తీశారు. గిబ్ గిల్బో, జీన్ పార్సన్స్, జోయెల్ స్కాట్ హిల్ చేరారు. ఈ జీన్ పార్సన్స్‌కూ గ్రామ్‌కూ బంధుత్వమేమీ లేదు, మీ వ్యాసంలో అన్నదమ్ములని పడింది, దయచేసి సవరించండి. 1975లో 'ఫ్లైయింగ్ అగైన్', 1976లో 'ఎయిర్‌బోర్న్' వచ్చాయి. రెండో దానికి ఎథ్రిడ్జ్ మళ్లీ లేడు, బర్డ్స్‌లో పనిచేసిన స్కిప్ బాటిన్ బాస్ పట్టాడు. 1980ల మొదట్లో జాన్ బీలండ్, గిల్బో కలిసి 'ఫ్లైయింగ్' మాట తీసేసి బురిటో బ్రదర్స్‌గా కంట్రీ పట్టికలకు తగ్గ నున్నని పాటలు చేశారు. అవి చెడ్డ పాటలు కావు, తొలి జట్టుతో సంబంధం మాత్రం వెతికినా దొరకదు. తర్వాతి కాలంలో తొలి సభ్యుడు ఒక్కడూ లేకుండా కూడా ఆ పేరుతో ఆల్బమ్‌లు వచ్చాయి. బర్డ్స్ పేరు కోసం ఇలాంటి తగువే కోర్టుకెక్కింది. మైకేల్ క్లార్క్ ఆ పేరుతో కచేరీలు చేస్తుంటే ఆపమని మెక్‌గ్విన్, క్రాస్బీ, హిల్‌మన్ 1989లో దావా వేశారు, కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. పేరు ఎవరిదో ఒప్పంద పత్రంలో మొదట్లోనే రాసుకోని బృందాలన్నిటికీ వచ్చే చిక్కే ఇది.

మా మనవి ఒక్కటే. ఇకమీదట ఇలాంటి బృందాల గురించి వేసేటప్పుడు ప్రతి ఆల్బమ్ పక్కనా ఏ సంవత్సరం, ఎవరెవరు, ఎవరు ఏ వాద్యం అన్న వివరం రెండు వరసల్లో ఇవ్వండి. ఫోటో కింద కూడా అంతే. వ్యాసంతో పాటు మీరు వేసిన ఫోటోలో లెడన్, క్లార్క్ ఉన్నారు, కింద మాత్రం తొలి జట్టు అని ఉంది.

విని చూడదలచిన పాఠకులకు ఒక పద్ధతి. 1969, 1970, 1971 ఆల్బమ్‌లను అదే వరసలో, మంచి హెడ్‌ఫోన్లతో, ఒక్కోదాన్ని రెండుసార్లు వినండి. మొదటిసారి బాస్ మాత్రమే పట్టుకోండి, రెండోసారి రెండో గొంతు మాత్రమే. స్టీల్ ఎలాగూ చెవిలో పడుతుంది. పాత రికార్డులు కొనేవాళ్లు అట్ట మీది బృందం పేరు చూసి డబ్బివ్వవద్దు, లేబుల్ చూడండి. ఎ అండ్ ఎం ముద్ర ఉండి 1969 నుంచి 1972 మధ్యదైతే హిల్‌మన్ ఉన్న జట్టు. కొలంబియా ముద్ర ఉంటే 1975-76 నాటి క్లైనో, గిల్బో జట్టు. కర్బ్ ముద్ర ఉంటే బీలండ్, గిల్బో. ఎ అండ్ ఎం వాటిలోనూ ఎథ్రిడ్జ్ బాస్ కావాలంటే ఆ నలుగురు సూట్లలో నిలబడ్డ మొదటి అట్ట ఒక్కటే తీసుకోవాలి.

ఇట్లు,
పాత రికార్డుల శ్రోతల మిత్రబృందం,
విశాఖపట్నం